ఫ్రెంచి ఆఁపర్ఫె: "వెళ్ళేవాళ్ళం" దగ్గర మొదలుపెట్టండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఫ్రెంచి నేర్చుకునే పిల్లలు చాలామంది ఇంగ్లీషు మీదుగా వెళ్తున్నారు. యాప్‌లూ వీడియోలూ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి మరి. వర్తమానకాలం దాకా ఇబ్బంది లేదు. భూతకాలంలో ఆఁపర్ఫె (అప్పట్లో సాగుతూ ఉండే పనిని చెప్పే రూపం) వచ్చేసరికి చిక్కుపడతారు. ఇంగ్లీషులో "ఐ లివ్డ్" అంటే ఆ పని ఒకసారి జరిగి అయిపోయిందా, అప్పట్లో అలా సాగుతూ ఉండేదా అన్నది ఆ ఒక్క మాటలో తెలీదు. తెలుగులో క్రియే చెప్పేస్తుంది: "ఉన్నాం" వేరు, "ఉండేవాళ్ళం" వేరు. సిక్కోలు పల్లెల్లో "ఎల్లీవోళ్ళం" అనే పిల్లాడికి ఆఁపర్ఫె సగం వచ్చినట్టే.

ముందు రూపం సంగతి. ఫ్రెంచి మాటలు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకండి. వర్తమానకాలంలో "ను" (మేము) రూపం తీసుకుని చివరి "ఓఁ" కొట్టేయాలి. "ను పర్లోఁ" నుంచి "పర్ల్" మిగులుతుంది. దానికి ప్రత్యయాలు తగిలించాలి (అక్షరాలని ఇంగ్లీషు పేర్లతో చెబుతున్నాను). "జ" (నేను)కీ "త్యు" (నువ్వు)కీ ఎ-ఐ-ఎస్, "ఇల్" (అతను)కి ఎ-ఐ-టి, "ను"కి ఐ-ఒ-ఎన్-ఎస్, "వు" (మీరు)కి ఐ-ఇ-జెడ్, బహువచనం "ఇల్" (వాళ్ళు)కి ఎ-ఐ-ఇ-ఎన్-టి. మొదటి మూడూ చివరిదీ రాయడంలోనే వేరు, పలకడం ఒకటే: పర్లె. ఆ చివరి "ఎ" శబ్దానికి నోరు మన "ఏ" కన్నా కాస్త ఎక్కువ తెరుచుకోవాలి, "బ్యాంకు"లో "బ్యా" అంత మాత్రం కాదు. ఇది కుదరకపోతే "జ పర్లె" (మాట్లాడేవాణ్ణి) అన్నది "జే పర్లే" (మాట్లాడాను) అని వినబడుతుంది. మౌఖిక పరీక్షలో అర్థమే మారిపోతుంది.

క్రియ మూలరూపం నుంచి మొదలుపెట్టడమే అసలు తప్పు. "ఫినీర్" చూసి "ఫినె" అని రాస్తారు. "ను ఫినిసోఁ" మీదుగా వస్తే "ఫినిసె" దానంతటదే వస్తుంది. "బ్వార్" (తాగు) కూడా అంతే: ను బ్యువోఁ, జ బ్యువె. "ఫెర్" (చేయు): ను ఫజోఁ, జ ఫజె. ఈ దారికి లొంగనిది "ఎత్ర్" (ఉండు) ఒక్కటే. దాని "ను సొమ్" పనికిరాదు, "ఎత్" అనే మొదలు తీసుకుని "జేతె" అనాలి. వాన పడటం లాంటి వాటికి "ను" రూపమే ఉండదు కాబట్టి "ఇల్ ప్లవె" అని నేరుగా గుర్తుపెట్టుకోండి.

స్పెల్లింగులో రెండు చోట్ల మార్కులు పోతాయి. "మాఁజే" (తిను) లాంటి వాటిలో జి అక్షరం పక్కన ఎ వస్తే "గ" అని పలుకుతుంది. అందుకని మధ్యలో ఒక ఇ ఉంచాలి. "ను", "వు" రూపాల్లో పక్కన ఐ వస్తుంది కాబట్టి ఆ ఇ అక్కర్లేదు. రెండోది "ఎత్యుద్యే" (చదువుకొను): "ను" రూపంలో రెండు ఐలు పక్కపక్కనే రాయాలి. అచ్చుతప్పులా కనిపించినా అదే సరైనది.

ఇక వాడకం. "ఎక్కువసేపు జరిగితే ఆఁపర్ఫె" అని చెప్పేవాళ్ళున్నారు, ఆ మాట నమ్మొద్దు. "నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా వాన పడింది" అంటే ఎంతసేపు పడినా అది ముగిసిన లెక్కే. అక్కడ పాసే కొంపోజే (ముగిసిన పనిని చెప్పే భూతకాల రూపం) వాడాలి: ఇల్ ఆ ప్ల్యు. "కాంప్లెక్సులో బస్సు దిగేసరికి వాన పడుతోంది" అన్నప్పుడు వాన మొదలూ చివరా మనకి పట్టవు. అక్కడ ఇల్ ప్లవె. "సింహాచలం మూడుసార్లు వెళ్ళాం" అని లెక్క చెప్తే పాసే కొంపోజే, "ఏటా వెళ్ళేవాళ్ళం" అంటే ఆఁపర్ఫె.

మన దగ్గరే దొరికే మంచి ఉదాహరణ 1757 నాటి బొబ్బిలి యుద్ధం. అందులో ఫ్రెంచివాళ్ళూ ఉన్నారు. బొబ్బిలికీ విజయనగరానికీ వైరం ఉండేది: ఇల్యావె, ఆఁపర్ఫె. ఫ్రెంచి సేనాని బుస్సీ సేన బొబ్బిలి కోటని ముట్టడించింది: పాసే కొంపోజే. తర్వాతి ఘట్టం మనవాళ్ళు చెప్పుకునే తీరులోనే చూడండి. రాత్రివేళ, "ఇల్ ఫజె న్వీ". విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో నిద్రపోతున్నాడు, "దోర్మె". బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు లోపలికి వచ్చాడు, "ఎ తాఁత్రే". చంపాడు, "లా త్యుయే". మొదటి రెండూ అప్పటి పరిస్థితిని చెబుతాయి, చివరి రెండూ కథని ముందుకు నడుపుతాయి. "దోర్మె" బదులు పాసే కొంపోజే పెడితే రాజు ఒక నిద్ర తీసి లేచాక పాపారాయుడు వచ్చినట్టవుతుంది.

తెలుగు దారి తప్పించే చోట్లు కూడా ఉన్నాయి. "తెలుసు" అన్న మాట అప్పటికీ ఇప్పటికీ ఒకటే. "అప్పుడు నాకు తెలుసు" అనాలంటే "జ సవె", "నిన్ననే తెలిసింది" అనాలంటే "జే స్యు".

అంతకన్నా పెద్ద చిక్కు "సి" (ఒకవేళ) వాక్యం. "డబ్బుంటే కొనేవాణ్ణి" అంటాం. "-ేవాణ్ణి" కనబడింది కదా అని చివర ఆఁపర్ఫె పెట్టేస్తారు. ఫ్రెంచిలో అది తిరగబడుతుంది. "సి" ఉన్న సగానికి ఆఁపర్ఫె (సి జావె), కొనడం ఉన్న సగానికి కోఁదిస్యోనెల్, అంటే షరతు మీద జరిగే పనిని చెప్పే రూపం (జాషెత్రె). డబ్బు ఇప్పుడు లేదన్నప్పటి సంగతి ఇది. గడిచిపోయిన అవకాశమైతే రెండు సగాలూ ఇంకో మెట్టు వెనక్కి జరుగుతాయి. కోఁదిస్యోనెల్‌కి ప్రత్యయాలు ఆఁపర్ఫెవే, కాకపోతే వాటి ముందు "ర" ఉంటుంది: జ పర్లె, జ పర్లరె. వాక్యం రాశాక "సి" ఉన్న సగం చివర ఆ "ర" దూరిందేమో ఒకసారి చూసుకోండి. దూరితే కొట్టేయండి.