పాస్ ఇచ్చి ఊరుకోకుండా బస్సెక్కడం నేర్పిన ఊరు

విజయవాడలో పుట్టి పెరిగి, పదో తరగతి పూర్తయ్యే నాటికి కూడా ఒంటరిగా సిటీ బస్సెక్కని పిల్లలు మన చుట్టూ ఎందరో ఉన్నారు. పొద్దున్నే స్కూలు బస్సో, నెలకింతని మాట్లాడుకున్న ఆటోనో గుమ్మం ముందుకు వస్తుంది. సాయంత్రం ట్యూషన్‌కు నాన్న బండి మీద దింపుతారు. ఇంటర్లో చేరితే హాస్టల్, ఆ తర్వాత సొంత బండి. మొగల్రాజపురం నుంచి వన్ టౌన్‌కు ఎలా వెళ్లాలో, ఎక్కడ దిగి మారాలో వారికి ఎవరూ చెప్పరు. పది లక్షలు దాటిన జనాభా ఉన్న తన ఊళ్లో పదిహేనేళ్ల పిల్లవాడు మరొకరు తీసుకువెళితే తప్ప ఎక్కడికీ కదలలేకపోవడం చిన్న లోటు కాదని, హైస్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పిన నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇదే లోటును కెనడాలోని ఒక మధ్యతరహా నగరం ఎలా పూడ్చుకుందో, మా అమ్మాయి వాళ్ల దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు చూశాను. అప్పటి నుంచీ దాని గురించి రాయాలని ఉంది.

ఆ ఊరి పేరు కింగ్‌స్టన్. ఒంటారియో రాష్ట్రంలో, ఒంటారియో సరస్సు ఒడ్డున, టొరంటోకూ మాంట్రియల్‌కూ నడుమ ఉంటుంది. 1841లో, అప్పటి కెనడా ప్రావిన్సుకు అదే తొలి రాజధాని. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 1,32,485 మంది, అంటే మన తెనాలి పట్టణం కన్నా తక్కువే. పాత ఊరు వదిలితే ఇళ్లు విడివిడిగా, దూరదూరంగా ఉంటాయి. ప్రతి ఇంటి ముందూ కారు ఉంటుంది. శీతాకాలంలో మంచు మోకాలి లోతున పేరుకుంటుంది. అలాంటి చోట బస్సులు నిండుగా నడపడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఎక్కేవారు తక్కువ కాబట్టి బస్సులు తక్కువ, బస్సులు తక్కువ కాబట్టి ఎక్కేవారు ఇంకా తక్కువ అన్న చిక్కుముడిలో ఆ దేశపు చిన్న నగరాలు చాలా ఏళ్లుగా పడి ఉన్నాయి.

కింగ్‌స్టన్ ఆ ముడిని విప్పడం బడిపిల్లలతో మొదలుపెట్టింది. 2012లో నగరపాలక సంస్థ, అక్కడి పాఠశాల బోర్డులు కలిసి తొమ్మిదో తరగతి పిల్లలకు నగరమంతా తిరగగల ఉచిత బస్సు పాసులు ఇచ్చాయి. ఏడాదికొక తరగతి చొప్పున పెంచుకుంటూ పన్నెండో తరగతి దాకా తీసుకువెళ్లాయి. ఇంతవరకు చెబితే ఇందులో వింతేముంది, మన ఆర్టీసీ ఎప్పటినుంచో విద్యార్థులకు పాసులు ఇస్తూనే ఉందిగా అని మీరనవచ్చు. అసలు విశేషం పాసుతో పాటు జరిగిన పనిలో ఉంది. లైమ్‌స్టోన్ డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డులో పనిచేసిన డాన్ హెండ్రీ వంటివారు పట్టుబట్టి, ఒక నిజమైన సిటీ బస్సును బడి ఆవరణలోకి రప్పించి, పిల్లలను అందులో కూర్చోబెట్టి, బస్సులో ప్రయాణించడాన్ని ఒక పాఠంగా చెప్పించారు. టైంటేబుల్ చదవడం, బస్సు మారడం, పాస్ చూపడం, దిగవలసిన స్టాపు వచ్చేలోగా డ్రైవరుకు తెలియజేయడం, సైకిలును బస్సు ముందు భాగానికి తగిలించడం అన్నీ చేయించి మరీ నేర్పారు.

ఆ పాఠం విన్న వాడు మా మనవడే కాబట్టి, అది ఎంత బాగా పట్టుబడిందో నాకు నేరుగా తెలిసింది. వాడితో కలిసి ఊరి నడిబొడ్డున ఉన్న ప్రిన్సెస్ స్ట్రీట్‌కు వెళ్లినప్పుడు, స్టాపులో ఆగిన బస్సు గాలి వదిలిన చప్పుడు చేస్తూ ముందు భాగాన్ని నేల వైపు దించింది. మోకాళ్ల నొప్పులున్న నాకు మెట్టు ఎక్కవలసిన శ్రమ దాదాపు లేకుండా పోయింది. లోపల కండక్టరు ఉండడు. కిటికీల వెంట పసుపు రంగు తాడు ఒకటి బారుగా సాగి ఉంటుంది. "అమ్మమ్మా, మన స్టాపు వస్తోంది, ఆ తాడు నువ్వే లాగు" అన్నాడు వాడు. లాగగానే గంట మోగి, డ్రైవరు తల మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగుతారు, వాడూ చెప్పాడు.

మరోరోజు సైకిలు ఎక్కించే పద్ధతి చూపించాడు. బస్సు ముందు మడిచి ఉన్న ఇనుప చట్రాన్ని పిడి నొక్కి కిందికి దించి, చక్రాలు రెండింటినీ గాడిలో నిలబెట్టి, కొక్కెం లాంటి చేతిని ముందు చక్రం మీదికి లాగి బిగించాడు. ఇదంతా అర నిమిషంలో అయిపోయింది. సైకిలు దింపుకోబోతున్నామని డ్రైవరుకు ముందే చెప్పాలని, లేకపోతే బస్సు కదిలిపోతుందని నాకు గుర్తు చేశాడు. ఆ బస్సులో వాడికి ఏ బెరుకూ లేదు. అది తన ఊరి బస్సు అన్న ధీమా వాడి నిలబడే తీరులోనే కనిపించింది.

ఈ పద్ధతి ఎలాంటి ఫలితం ఇచ్చిందో లెక్కలు చెబుతాయి. పథకం మొదలైన 2012–13 విద్యా సంవత్సరంలో పిల్లలు ఆ పాసులతో చేసిన ప్రయాణాలు సుమారు 28 వేలు. 2016–17 వచ్చేసరికి అవి దాదాపు 6 లక్షలకు చేరాయి. మధ్యలో మరో ముఖ్యమైన మార్పు కూడా జరిగింది. 2013లో నగరం ఎక్స్‌ప్రెస్ బస్సులు మొదలుపెట్టి, రద్దీ వేళల్లో పావుగంటకొకటి చొప్పున నడిపింది. నేర్చుకున్న పిల్లలకు ఎక్కడానికి బస్సు కూడా ఉండడం వల్లనే ఆ లెక్క అంతగా పెరిగిందని నా అభిప్రాయం. గంటకొక బస్సు వచ్చే చోట ఎంత చక్కగా పాఠం చెప్పినా పిల్లలు నాలుగు రోజులకే విసిగిపోతారు.

తొమ్మిదో తరగతినే ఎందుకు ఎంచుకున్నారన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఒంటారియోలో పదహారేళ్లు నిండితే కారు నడపడం నేర్చుకునే లైసెన్సు వస్తుంది. ఒకసారి చేతికి స్టీరింగు వచ్చిన పిల్లవాడిని బస్సు వైపు మళ్లించడం ఎవరి తరమూ కాదు. అలవాటు చేయాలంటే పద్నాలుగేళ్లకే చేయాలి. పైగా అక్కడ హైస్కూలు పట్టా చేతికి రావాలంటే ప్రతి విద్యార్థీ 40 గంటలు ఊరికి ఉపయోగపడే స్వచ్ఛంద సేవ చేసి తీరాలి. బడికి దూరంగా ఉండేవారిని తీసుకువెళ్లడానికి పసుపు రంగు బడి బస్సులు ఉన్నాయి గానీ, గ్రంథాలయానికో, వృద్ధాశ్రమానికో, ఆటస్థలానికో, సెలవుల్లో చేసే చిన్న ఉద్యోగానికో వెళ్లాలంటే కారున్న తల్లిదండ్రులకు తీరిక ఉండాలి. కారు లేని ఇంటి పిల్లలు ఆ అవకాశాలన్నిటికీ దూరమవుతారు. సిటీ బస్సు పాసు ఆ తేడాను చాలా వరకు తగ్గించింది. కెనడాలోని మరో రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా కూడా 2021 సెప్టెంబరు నుంచి పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు బస్సు ప్రయాణం ఉచితం చేసింది.

ఇక మన సంగతి. కింగ్‌స్టన్‌తో పోలిస్తే విజయవాడకు బస్సుల విషయంలో ఎంతో బలమైన పునాది ఉంది. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ అంతటి ప్రాంగణం కెనడాలోని అలాంటి ఊళ్లకు ఊహకైనా అందదు. ఊరి జనసాంద్రత బస్సుకు సరిగ్గా సరిపోతుంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లు, ఆడపిల్లలు గుర్తింపు కార్డు చూపి ఉచితంగా ప్రయాణిస్తున్నారు. మా వీధిలో పూలు అమ్మే ఆవిడ ఇప్పుడు పొద్దున్నే బస్సులోనే మార్కెట్‌కు వెళ్లి వస్తోంది, ఆటోకు పెట్టే డబ్బు ఇంట్లో మిగులుతోంది. ఇంత మంచి మార్పు వచ్చాక కూడా మా అపార్టుమెంటులోని ఇంటర్ చదివే ఆడపిల్లలు షేర్ ఆటోలోనే ఇరుక్కుని వెళుతున్నారంటే, వారికి బస్సు ఉచితమని తెలియక కాదు, బస్సులో ఎలా మసలుకోవాలో తెలియక. ఈత నేర్పకుండా బందరు కాలువ గట్టున వదిలిపెడితే ఏ పిల్ల నీళ్లలోకి దిగుతుంది?

మన పిల్లలకు చెప్పవలసిన పాఠం కింగ్‌స్టన్ పాఠం కన్నా పెద్దది. దూరం నుంచే బోర్డు చదవడం, బస్సు పూర్తిగా ఆగాకే ఎక్కడం, ఫుట్‌బోర్డు మీద నిలబడకపోవడం, మహిళలకు, వృద్ధులకు, దివ్యాంగులకు కేటాయించిన సీట్లు ఏవో తెలుసుకోవడం, జీరో ఫేర్ టికెట్ అయినా కండక్టరు దగ్గర అడిగి తీసుకోవడం, స్టేజీ రాకముందే గుమ్మం వైపు జరగడం, ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే గొంతెత్తి కండక్టరును పిలవడం, అవసరమైతే 112కు ఫోన్ చేయడం, ఇవన్నీ అందులో ఉండాలి. చివరి రెండూ మగపిల్లలు కూడా అక్కడే కూర్చుని వినాలి. అప్పుడే పక్కన జరిగే తప్పును చూసి ఊరుకోని అలవాటు వారికి వస్తుంది.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. "రోజులు బాగా లేవు మేడమ్, పిల్లను ఒంటరిగా బస్సులో ఎలా పంపమంటారు?" అని ఒకరు నన్ను నిలదీశారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేను. రద్దీ నిజం, ఇబ్బందులూ నిజం. బస్సులు పెరగనిదే రద్దీ తగ్గదు. బీఆర్‌టీఎస్ రోడ్డులో బస్సుల కోసమని వేసిన మధ్య దారి వంటివి వాటికి నిజంగా ఉపయోగపడాలి. అయితే పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ పిల్లే హైదరాబాదుకో బెంగళూరుకో ఒంటరిగా వెళ్లక తప్పదు కదా. తెలిసిన ఊళ్లో, పగటిపూట, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి మొదలుపెట్టడం కన్నా భద్రమైన దారి ఏముంది?

జూన్‌లో బడులు తెరవగానే పాసుల కోసం పిల్లలు ఎలాగూ కౌంటర్ల ముందు బారులు తీరతారు. ఆ వారాల్లోనే గవర్నరుపేట, విద్యాధరపురం, ఆటోనగర్ డిపోల నుంచి ఒక్కో బస్సును ఒక పూట హైస్కూళ్లకు పంపితే ఈ పని మొదలవుతుంది. నేను పనిచేసిన బడి ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడాను. డిపో వారి అనుమతి వస్తే తొమ్మిదో తరగతితో మొదలుపెడదామన్నారు. పాఠం రెండు పేజీల్లో రాసి పెట్టాను, వేరే బడుల ఉపాధ్యాయులు ఎవరు అడిగినా పంపిస్తాను.