దోసపండు తొడిమ వీడే వేళ

2025 మార్చి 30, ఉగాది. పంచాంగ శ్రవణంలో విశ్వావసు అన్న పేరు వినపడగానే మావారు నావైపు తిరిగి "నా సంవత్సరం వచ్చేసింది" అన్నారు. ఆయన పుట్టింది 1965లో, అదీ విశ్వావసే. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లూ ఒక చుట్టు తిరిగి, పుట్టిననాటి పేరు మళ్లీ మన గుమ్మంలోకి రావడమే షష్టిపూర్తి. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి ఇంచుమించు 12 ఏళ్లు, శనికి 30 ఏళ్లు పడుతుంది. అంటే ఈ అరవై ఏళ్లలో గురుడివి అయిదు చుట్లు, శనివి రెండు. ఆ రెండో చుట్టు చివర్లో శని మా ఇంటిని గట్టిగానే తాకి వెళ్లాడు.

2019లో మావారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకు జారింది. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని నాకు వచ్చిన ఒకే ఒక్క మంత్రం చదువుకున్నాను. మృత్యుంజయ మంత్రం. 108 అయ్యాక మళ్లీ మొదటి నుంచి. నోరు మంత్రం అంటోంది, మనసు మాత్రం "తీసుకెళ్లకు స్వామీ, తీసుకెళ్లకు" అంటోంది. మంత్రం అడిగేది అది కాదని అప్పట్లో నాకు తట్టలేదు.

త్ర్యంబకం యజామహే సుగంధిం పుష్టివర్ధనం
ఉర్వారుకమివ బంధనాత్ మృత్యోర్ముక్షీయ మాఽమృతాత్

ఋగ్వేదం ఏడో మండలంలోది ఇది. సుగంధం నిండినవాడు, పుష్టిని పెంచేవాడు అయిన ముక్కంటిని పూజిస్తున్నాం. దోసపండు తొడిమ నుంచి విడివడినట్టు మృత్యువు నుంచి విడివడాలి, అమృతత్వం నుంచి మాత్రం కాదు. ఇందులో "నన్ను ఎప్పటికీ తీగకే ఉంచు" అన్న మాట ఎక్కడా లేదు. విడిపోవడం ఉంది. ఎలా విడిపోవాలన్నదే ప్రార్థన.

మా అమ్మమ్మ పెరట్లో దోసపాదు ఉండేది. పండు ఎక్కడుందో ఆవిడ కళ్లతో వెతికేది కాదు, వాసన పట్టేది. ఆకులు పక్కకు తీసి చేత్తో ఎత్తితే చాలు, తొడిమ దానంతట అదే ఊడి వచ్చేది. మామిడిపండైతే కొమ్మ మీంచి దభీమని రాలుతుంది. దోసపండు ముందే నేల మీద ఉంటుంది కాబట్టి పడేదేమీ లేదు, తీగే దాన్ని వదిలేస్తుంది. ఒకసారి నేను తొందరపడి పిందెను లాగేశాను. తీగ మొత్తం నా చేతిలోకి వచ్చింది. తెంపిన చోట నీరు ఊరింది. అమ్మమ్మ తిట్టలేదు. "దానికి నొప్పెట్టదుటే?" అంది, అంతే.

శుక్ల యజుర్వేదంలో ఈ మంత్రానికి తోబుట్టువు లాంటి మంత్రం ఇంకొకటి ఉంది. పెళ్లికాని ఆడపిల్లలు మంచి భర్త కోసం అనే మంత్రం. మొదటి పాదం అదే, దోసపండు అదే. చివర మాత్రం "ఇతో ముక్షీయ మాముతః" అని ఉంటుంది. ఇక్కడి నుంచి, అంటే పుట్టింటి నుంచి విడివడాలి, అక్కడి నుంచి, అంటే అత్తింటి నుంచి కాదు అని. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ప్రాణం పోవడానికీ, ఆడపిల్ల పుట్టిల్లు దాటడానికీ మన పెద్దలు ఒకే పోలిక చెప్పారు. నాకు పందొమ్మిదో ఏట పెళ్లయింది, నాన్న పోయిన ఆరు నెలలకే. నేను పండి విడివడలేదు. ఆ పిందెలాగే లాగేశారు. ఇన్నేళ్లూ నా నొప్పే గుర్తుంది కానీ, అవతల అమ్మకు కూడా తెంపిన చోట నీరు ఊరి ఉంటుందని నాకు ఏభై దాటాక, మా అమ్మాయి విమానం ఎక్కిన రోజున తెలిసింది. అప్పటిదాకా నన్ను నేను పండు అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి తీగను కూడా.

షష్టిపూర్తికి పిల్లలిద్దరూ వచ్చారు. మృత్యుంజయ హోమం అయ్యాక పంతులుగారు కంచుగిన్నెలో నెయ్యి పోసి ఆయన ముందు పెట్టారు. అందులో ముఖం చూసుకుని ఆ గిన్నెను దానం ఇచ్చేయాలి. మామూలుగా ఒక్క క్షణం చూసి ఇచ్చేస్తారు. మావారు వంగి చాలాసేపు చూశారు. అందరూ ఆయన కోసం ఆగారు. తల ఎత్తి నాతో మెల్లగా "మూతి సర్దుకుందే" అన్నారు. ఆరేళ్లుగా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూనే ఉన్నారు, కానీ నిజంగా చూసుకున్నది ఆ రోజే అనుకుంటాను. ఇచ్చేసే ముందు చూసుకోమన్నారే, ఆ వరుసలో ఏదో పెద్ద దయ ఉంది.

తరువాత కలశాల నీళ్లు పిల్లలు మా తలల మీద పోశారు. వాళ్లకు నలుగు పెట్టి, కుంకుడుకాయ రసం కళ్లల్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టి తలంటింది నేను. ఇప్పుడు అమ్మాయి నా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరూ చెప్పలేదు దానికి. నాకు సాయం తీసుకోవడం చేతకాదు. ఆయన మంచాన పడ్డప్పుడు కూడా ఇరుగుపొరుగు అన్నం పంపిస్తే గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఏదో ఒకటి వండి పంపిన మనిషిని. ఆ నీళ్ల కింద మాత్రం ఊరికే కూర్చున్నాను.

చివర్లో మాంగల్యధారణ. ఆయన కుడిచేతి వేళ్లు ఇంకా పూర్తిగా మాట వినవు. ఎడమచేత్తో మొదలుపెట్టారు. మా ఆడపడుచు ఒక కొస పట్టుకుంది. మొదటి ముడి పడింది, రెండోది పడింది. మూడోదానికి "నేను వేయనా అన్నయ్యా" అని ఆవిడ అడిగితే, వద్దని తల ఊపి ఆయనే వేశారు. భజంత్రీలు మోగుతూనే ఉన్నాయి, అక్షింతలు పడ్డాయి.

ఆ మూడో ముడి కాస్త వదులుగా పడింది. రాత్రి అమ్మాయి చూసి "బిగించనా అమ్మా" అంది. వద్దులే, ఉండనీ అన్నాను.