కోబేలో పోయినవాళ్ల కోసం దీపాలు

జనవరిలో జపాన్‌లోని కోబే నగరంలో లూమినారియే అనే దీపాల వేడుక చూసి విశాఖ తిరిగొచ్చాక పిన్ని అడిగింది, "మన దీపావళిలా ఉంటుందామ్మా?" అని. కాదు పిన్నీ, అవి పోయినవాళ్ల కోసం వెలిగించే దీపాలు.

1995 జనవరి 17 తెల్లవారుజామున 5:46కి వచ్చిన భూకంపం 6,400 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ డిసెంబరులోనే ఈ వేడుక మొదలైంది. 2024 నుంచి జనవరిలో జరుపుతున్నారు. ఇటలీ పద్ధతిలో, చట్రాలకు రంగు బల్బులు బిగించి ఎత్తైన తోరణాలు నిలబెడతారు. కింద నడుస్తుంటే ఆ రంగులు అందరి మొహాల మీదా పడతాయి. ఖర్చుల కోసం ఒక్కొక్కరు 100 యెన్లు వేయమని విరాళం పెట్టెలుంటాయి. నేను సంతోషంగా వేశాను.

నన్ను కదిలించింది మాత్రం మెరికెన్ పార్కు. సముద్రం ఒడ్డున, విరిగిన రేవు ముక్కని, ఒరిగిపోయిన దీపస్తంభాలని అలాగే ఉంచేశారు. మిగతా ఊరంతా ఎంత బాగా తిరిగి కట్టుకున్నా, ఆ ఒక్క చోటునీ బాగుచేయలేదు. అది చాలా గొప్ప నిర్ణయం అనిపించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఎంవీపీ కాలనీలో మేమూ కరెంటు లేక, నీళ్లు లేక ఎంత అల్లాడామో! ఈసారి ఆ రోజున అపార్ట్‌మెంటు వాళ్లందరం మేడ మీద దీపాలు పెడదామన్నాను. ప్రమిదలు తను తెస్తానంది పిన్ని.