మర్రిగూడ నుంచి గుణదలకు, నీళ్ల డ్రమ్ముతో

ఫిబ్రవరి దగ్గర పడితే మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలోని ఊళ్లలో, విజయవాడ పక్కనున్న గుణదల మాటే. 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు. 11న లూర్దుమాత పండుగ. ఈసారి బస్సు మాట్లాడకముందే ఫాదర్ గారు ఒక షరతు పెట్టారు. నీళ్ల ప్యాకెట్లు, సీసాలు, థర్మాకోల్ పళ్లేలు బస్సెక్కకూడదు. ఇంటి కుళాయి నీళ్లే డ్రమ్ముల్లో నింపుకుని పోదాం, స్టీలు పళ్లేల్లో తిందాం అన్నారు. సృష్టి సంరక్షణ మీద ఫ్రాన్సిస్ పోపు అందరినీ ఉద్దేశించి రాసిన బోధనా లేఖ, అంటే విశ్వలేఖ, ‘లౌదాతో సీ’ గురించి కొన్ని ఆదివారాలుగా చెబుతూ వస్తున్నారు కనుక అందరూ తలలూపారు. మా అత్తమ్మ మాత్రం కూర్చున్న చోటి నుంచే, "అన్ని పళ్లేలు ఎవరు కడుగుతారు ఫాదర్?" అని అడిగింది.

మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు. చివరికి ఉపదేశి గారి భార్య మోదుగాకు విస్తళ్లు కుట్టిద్దామంది. ఒకప్పుడు మా పెళ్లిభోజనాలన్నీ వాటిమీదే కదా! గ్లాసులు కడిగే పని కుర్రాళ్లకు అప్పగించారు. భూమి మీద ప్రేమ పేరు చెప్పి ఇంట్లో ఆడవాళ్లకు ఇంకో చాకిరీ తగిలిస్తే ఆ ప్రేమ పండుగ దాటి నిలవదని నా అభిప్రాయం.

అత్తమ్మ లేచి నిలబడి అడగకపోవడానికి కారణం ఉంది. ఆమెను లేపాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మెడ తిరగదు, వంగిన నడుము నిటారుగా కాదు. మా మండలంలో ఆ వయసువాళ్లు చాలామంది ఇలాగే ఉంటారు. మా నేల కింద గ్రానైట్. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటవద్దంటుంది. మా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. పిల్లలకు పళ్లు గారపడతాయి, పెద్దలకు ఎముకలు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించి, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని మా జిల్లా పేరే పెట్టారు. పేరు దేశదేశాలు తిరిగింది. అత్తమ్మ మాత్రం బోరు నీళ్లే తాగింది.

నా సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న పిల్లవాడి చదువు, పొలం కంటే ముందు ఊరి నీళ్ల గురించి ఆరా తీశాడు. అప్పట్లో ఈ ఊళ్లకు పిల్లనివ్వడానికి జంకేవారు. అందుకే సృష్టి సంరక్షణ ఒక బోధన, కుటుంబ జీవితం మరో బోధన అని ఎవరైనా విడదీసి చెబితే నాకు వింతగా ఉంటుంది. నీళ్లు చెడిన ఊళ్లో పెళ్లిపందిరి లేవడమే కష్టం.

ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే, తర్వాత మిషన్ భగీరథగా పిలిచిన పథకానికి 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. అదే నెల 18న రోములో ‘లౌదాతో సీ’ విడుదలైంది. మంచి తాగునీరు మనిషి ప్రాథమిక హక్కనీ, పేదలకు అది దక్కకపోతే వారి బతికే హక్కునే కాదన్నట్లనీ అందులో 30వ పేరా చెబుతుంది. ఫాదర్ గారు ఆ పేరా చదివిన రోజు మాకు వివరించి చెప్పాల్సిన పని పడలేదు.

తెల్లవారుజామున చండూరు మీదుగా బయలుదేరాం. జపమాల ముగిసేసరికి నల్గొండ. పానగల్లు దగ్గర ఉదయసముద్రం నిండుగా ఉంది. కందూరు చోళుల నాటి చెరువులోకి ఇప్పుడు కృష్ణా నీళ్లు ఎత్తిపోస్తున్నారు. హైవే ఎక్కాక సూర్యాపేట రాకముందే మూసీ. హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చిన నది అది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు, పెద్దలు కిటికీలు మూశారు.

సూర్యాపేట దాటి కోదాడ వైపు సాగేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా యాసంగి వరి. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువ చలవ. 1955 డిసెంబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాము ఉన్నది మా నల్గొండ జిల్లా అంచునే. కాలువ పల్లానికి పారింది, మా మిట్టనేలకు ఎక్కలేదు. ఆ పచ్చదనం చూస్తుంటే నాకు ఈర్ష్య కలుగుతుంది. యాత్రలో ఉన్నా కలుగుతుంది.

గుణదల చేరేసరికి కొండ కింద నేల ఈనినట్టు జనం. 1924లో ఇటలీ నుంచి వచ్చిన అర్లాటి అనే గురువు ఈ కొండ గుహలో లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయలు కొట్టేవారు, కొవ్వొత్తులు వెలిగించేవారు. క్రైస్తవులు కానివారూ మొక్కుకుని వస్తారు. అత్తమ్మ మెట్లెక్కలేదు. కింద కూర్చోబెట్టి, ఇక్కడి నుంచి మెడెత్తి చూస్తే గుహ కనిపించదే అని నేను బాధపడుతుంటే కసిరింది: "నేను పైకి చూడలేకపోతే ఆమె కిందికి చూడదా బిడ్డా?"

లూర్దు కథలో మా ఊరివాళ్లకు అన్నిటికంటే దగ్గరైనది నీటి ఊట. ఫ్రాన్స్‌లోని లూర్దులో మరియమాత దర్శనం పొందిన పిల్ల బెర్నదెత్తమ్మ. ఆమె తండ్రి పిండిమర పోగొట్టుకుని, కుటుంబమంతా ఒకప్పటి జైలుగదిలో తలదాచుకున్నారు. ఆ పిల్ల కలరా బారిన పడి బతికింది, ఉబ్బసం మాత్రం వదల్లేదు. 1858 ఫిబ్రవరి 25న, ఊట దగ్గర తాగి కడుక్కోమని మాత చెబితే, నేల గీకి బురదనీళ్లు తాగింది. చూసినవాళ్లు పిచ్చిపిల్ల అన్నారు. ఆ నీళ్లే తర్వాత తేటపడ్డాయి. అయితే ఊట కనిపెట్టిన ఆమెకు ఆరోగ్యం కుదుటపడలేదు, 35 ఏళ్లకే కన్నుమూసింది. అత్తమ్మకు ఈ సంగతి తెలుసు. ఎముకలు సాగాలని మొక్కుకోలేదట. మనవరాలి పళ్లు తెల్లగా ఉన్నందుకు కృతజ్ఞతగా కొవ్వొత్తి పెట్టించింది.

పూజ అయ్యాక మోదుగ విస్తళ్లలో పులిహోర తిన్నాం. భోజనానికి ముందూ తర్వాతా దేవునికి కృతజ్ఞత చెప్పే అలవాటును మళ్లీ తెచ్చుకోమని కూడా ఆ విశ్వలేఖ అడుగుతుంది. మా చుట్టూ మాత్రం ప్లాస్టిక్ గ్లాసుల గుట్టలు. వేసింది ఎవరో కాదు, మాలాంటి యాత్రికులమే. వస్తువును సరిగా వాడుకోవడం, శుభ్రత, ప్రాణులపట్ల గౌరవం మనిషి మొదట నేర్చేది ఇంట్లోనే అని ఫ్రాన్సిస్ పోపు రాశారు. 2016లో కుటుంబం మీద వెలువరించిన ‘అమోరిస్ లెతీసియా’లోనూ ఇంటి వాడకపు అలవాట్లను మార్చుకోవడం ఆ పాఠంలో భాగమేనన్నారు. గుట్టలు చూస్తే ఆ పాఠం ఇంకా ఇళ్లలో మొదలైనట్టు లేదు.

మా ఇంటి పాఠం తిరుగు ప్రయాణంలో బయటపడింది. బత్తాయి తోటలో బోరు ఎండింది. ఇంకా లోతుకు వేయిద్దామని మా ఆయన, మరిది మాట్లాడుకుంటున్నారు. లోతుకు పోయినకొద్దీ చెడ్డ నీళ్లే వస్తాయని అత్తమ్మ ముందు సీటు నుంచి అంది. వానలకు ముందే గట్ల వెంట కందకాలు తవ్విద్దామన్నాను. "కందకం తవ్వితే ఈ ఎండాకాలం చెట్లు బతుకుతాయా వదినా?" అన్నాడు మరిది. న్యాయమైన ప్రశ్నే. సగం తోట తీసేసి వానాకాలంలో కంది వేద్దాం, ఉన్న నీళ్లు మిగతా చెట్లకు డ్రిప్పుతో సరిపోతాయి అన్నాను. ఆ చెట్లు మా ఆయన చేత్తో నాటినవి. నకిరేకల్ దాకా మాట్లాడలేదు. తర్వాత, ఉగాదిలోపు తేలుద్దాం అన్నాడు.