స్నీక్ అటాక్ చిక్కు: ‘టర్న్‌కు ఒకసారి’ అంటే ఎవరి టర్న్?

మా ఇంట్లో ఆదివారాలు సాగే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి పాచికలతో ఆడే కథల ఆటకు రెండేళ్లుగా నేనే డీఎంని, అంటే కథ నడిపి, శత్రువులను ఆడించి, నియమాలపై తీర్పు చెప్పేవాణ్ణి. ఆడేది నలుగురు, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలు పాటిస్తాం. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా ఆట మొత్తం తెలుగులోనే నడుస్తుంది కనుక, కొత్తవాళ్లకు నియమాలన్నీ నేనే తెలుగు చేసి చెబుతూ వచ్చాను. ఈ చిక్కు అక్కడే పుట్టింది.

మా పిన్ని కూతురిది ఐదో లెవెల్ రోగ్ పాత్ర, అంటే దొంగచాటుగా దెబ్బతీసేది. ఒక రోజు గుహలో ఓగర్ అనే రాక్షస జీవితో పోరు జరుగుతోంది. తన టర్న్‌లో, అంటే వంతులో, ఆమె రేపియర్ అనే సన్న కత్తితో పొడిచింది. ఓగర్‌కు 5 అడుగుల లోపలే మా జట్టు యోధుడు ఫైటర్ నిలబడి ఉన్నందున, శత్రువు పక్కన మనవాళ్లుంటే రోగ్‌కు దక్కే అదనపు దెబ్బ అయిన స్నీక్ అటాక్ కింద మూడు ఆరుముఖాల పాచికలు అదనంగా వేసింది. 59 హిట్ పాయింట్లతో, అంటే ప్రాణబలంతో, మొదలైన ఓగర్‌కు అప్పటికి 12 మిగిలాయి. దాని టర్న్ రాగానే నేను దాన్ని వెనకనున్న మా మాంత్రికుడు విజార్డ్ వైపు నడిపించాను. ఓగర్ రోగ్ కత్తి అందుబాటు దాటి వెళ్లిపోతోంది కనుక ఆమెకు రియాక్షన్‌గా, అంటే ఎదుటివాళ్లు చేసినదానికి బదులుగా, ఆపర్చునిటీ అటాక్ అనే దెబ్బ కొట్టే అవకాశం దక్కింది, దెబ్బ తగిలింది కూడా. “అన్నయ్యా, స్నీక్ అటాక్ కూడా వేస్తున్నా” అంటూ ఆ మూడు పాచికలనూ మళ్లీ గుప్పిట్లోకి తీసుకుంది. “ఇందాకే వాడేశావు కదమ్మా, నీ టర్న్‌కు ఒకసారే” అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా పాచికలు బల్ల మీద పెట్టేసింది. రేపియర్ దెబ్బ ఒక్కటే లెక్కకు వచ్చి 7 పడింది. 5 పాయింట్లతో బతికి బయటపడ్డ ఓగర్ నేరుగా వెళ్లి, అప్పటికే గాయపడి ఉన్న విజార్డ్‌ను దుడ్డుకర్రతో మోది పడగొట్టింది.

ఆట ముగిశాక ఆమె నెమ్మదిగా అడిగింది: “పుస్తకంలో టర్న్ అనే ఉంది కదన్నయ్యా, రౌండ్ అని లేదు కదా?” నాకు జవాబు తట్టలేదు. వచ్చే ఆదివారానికల్లా తేలుస్తానని మాటిచ్చాను.

ఆ రాత్రే నియమాన్ని అక్షరం అక్షరం చదివాను. మూలంలో ఉన్నది టర్న్‌కు ఒకసారి అన్నంత వరకే. “నీ” అన్నది నేను చేర్చిన మాట. వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఆడుతూ పెరిగిన మనకు వంతు అనగానే నా వంతు అనే తోస్తుంది, ఎందుకంటే ఎదుటివాళ్ల వంతులో మనం గవ్వలు ముట్టుకోం. ఈ ఆట తీరు వేరు. దాదాపు ఆరు సెకన్ల రౌండ్‌లో పోరులో ఉన్న ప్రతి పాత్రకూ, ప్రతి శత్రువుకూ ఒక్కో టర్న్ ఉంటుంది. రియాక్షన్ మన టర్న్‌లోనే కాక ఇతరుల టర్న్‌లోనూ రావచ్చునని పుస్తకమే చెబుతోంది. అలాంటప్పుడు ఓగర్ టర్న్ కూడా లెక్కలోకి రావలసిన టర్నే.

అయినా ఒక్క మాట లేదన్న ఆధారం మీద తీర్పు నిలబెట్టడానికి మనసొప్పలేదు. రాసినవాళ్లు దాన్ని కావాలనే వదిలారా, రాతలో జారిపోయిందా అన్నది తేలాలి. దానికి సమాధానం రోగ్ క్లాస్ (పాత్ర రకం) వివరణలోనే దొరికింది. రెండో లెవెల్‌లో వచ్చే కన్నింగ్ యాక్షన్ అనే అదనపు చర్య గురించి రాసినచోట నీ ప్రతి టర్న్‌లోనూ అని స్పష్టంగా ఉంది. ఒకే క్లాస్ వివరణలో ఒకచోట “నీ” అని రాసి, ఇంకోచోట రాయలేదంటే ఆ తేడాకు విలువ ఇవ్వక తప్పదని నాకు నమ్మకం కుదిరింది.

ఇక మిగిలింది ఆట తూకం చెడుతుందేమోనన్న భయం. కాగితం తీసుకుని లెక్క వేశాను. మా రోగ్ తన టర్న్‌లో తగిలించే దెబ్బ, స్నీక్ అటాక్‌తో కలిపి, సగటున 19. గ్రేట్‌సోర్డ్ అనే పెద్ద కత్తి పట్టిన మా ఫైటర్ ఐదో లెవెల్ నుంచి రెండుసార్లు కొడతాడు కనుక, రెండూ తగిలితే సగటున 22. ఇద్దరికీ ఆపర్చునిటీ అటాక్ దక్కి, అదీ తగిలిందంటే ఫైటర్ మొత్తం 33, నేను మొదట చెప్పినట్టయితే రోగ్ మొత్తం 27.5, రెండో స్నీక్ అటాక్‌ను ఒప్పుకుంటే 38. తేడా చిన్నదేమీ కాదు. అయితే ఆ అవకాశం ఆమె చేతిలో ఉండదు, శత్రువు కదిలితేనే వస్తుంది. గత నాలుగు ఆటల నోట్సు తిరగేస్తే రెండుసార్లే వచ్చింది. పైగా రియాక్షన్ ఒకసారి వాడితే మళ్లీ తన టర్న్ మొదలయ్యేదాకా ఇంకొకటి ఉండదు. ఐదో లెవెల్‌లో వచ్చే అన్‌క్యానీ డాడ్జ్‌కు, అంటే తగిలిన దెబ్బను సగానికి తగ్గించుకోవడానికి, కావలసింది కూడా ఆ రియాక్షనే.

అప్పుడు మాత్రమే ఈ ఆట ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వారి సేజ్ అడ్వైస్ అనే, నియమాలపై సందేహాలకు జవాబుల సంకలనం తెరిచాను. ముందే తెరవవచ్చు, కానీ ఎవరో చెప్పారు కాబట్టి అనకుండా, కారణంతో సహా మావాళ్లకు చెప్పగలగాలనుకున్నాను. అందులోనూ ఇదే ఉంది: స్నీక్ అటాక్ పరిమితి టర్న్‌కే గాని రౌండ్‌కు కాదు, ఇతరుల టర్న్‌లో రియాక్షన్‌తో కొట్టినప్పుడు షరతులు కుదిరితే మళ్లీ వాడుకోవచ్చు. మిగిలిన షరతులేవీ సడలవు. ఆపర్చునిటీ అటాక్ జరిగేది శత్రువు అందుబాటు దాటడానికి సరిగ్గా ముందు కనుక, ఆ క్షణంలో దాని పక్కన మనవాళ్లు ఉన్నారా లేదా అన్నదే చూడాలి. ఆ రోజు ఫైటర్ పక్కనే ఉన్నాడు. ఆమె మూడు పాచికలూ వేయవలసిందే.

తర్వాతి ఆదివారం ఆట మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా తప్పు నాదేనని చెప్పి, ఆమెకూ విజార్డ్ ఆడే అబ్బాయికీ క్షమాపణ చెప్పాను. పాత పోరును వెనక్కి తిప్పలేదు. విజార్డ్‌ను మా జట్టులో గాయాలు మాన్పే క్లెరిక్ అప్పుడే లేపాడు గనుక ఎవరూ కోరలేదు కూడా. ఆ సాయంత్రం బగ్‌బేర్ జాతి శత్రువులు ఇద్దరు ఎదురయ్యారు. ఒకడు ఆమెను దాటి పరుగెత్తాడు, ఫైటర్ వాడి పక్కనే ఉన్నాడు. ఆమె మూడు పాచికలూ చేతిలోకి తీసుకుని, ఇంకా టర్న్ రాని రెండోవాడి వైపు ఒకసారి చూసి, “వద్దన్నయ్యా, రియాక్షన్ దాచుకుంటా” అంది.