కట్ ఏరుతుంది, ఆక్ పేరుస్తుంది

మా ఊరి గ్రంథాలయ సభ్యుల పట్టికను కిందటి వారం సరిచేయవలసి వచ్చింది. అది ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక్కో పంక్తిలో క్రమసంఖ్య, పేరు, చేరిన తేదీ అనే మూడు ఫీల్డులు ఉన్నాయి. తేదీని ముందుకు తెచ్చి, పాత సభ్యుల నుంచి కొత్తవారి దాకా వరుసగా పేర్చాలి.

మొదట యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో ఉండే కట్ (cut) కమాండును వాడి, ఫీల్డుల సంఖ్యలను 3,2,1 అని ఇచ్చాను. ఎర్రర్ ఏదీ రాలేదు గానీ, పట్టిక మాత్రం ఉన్నది ఉన్నట్టే బయటికి వచ్చింది. కట్ మనం కోరిన ఫీల్డులను ఏరి ఇస్తుందే తప్ప, వాటిని ఏ క్రమంలో అడిగినా ఫైలులో ఉన్న క్రమంలోనే ముద్రిస్తుంది. పెద్ద ఫైలులో ఈ సంగతి కంటపడకుండానే పని ముందుకు సాగిపోయే ప్రమాదం ఉంది కనుక, కొత్తగా నేర్చుకునేవారికి దీన్ని మొదటి రోజే చెప్పాలని నా అభిప్రాయం.

వరుస మార్చడానికి తగిన సాధనం ఆక్ (awk) అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష. అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ 1977లో బెల్ ల్యాబ్స్‌లో దీన్ని రూపొందించారు. వారి ఇంటిపేర్ల మొదటి ఇంగ్లిష్ అక్షరాలే (A, W, K) దాని పేరు. ఇందులో డాలర్ 3 ($3) అంటే మూడో ఫీల్డు; డాలర్ 3, డాలర్ 2, డాలర్ 1 అని ప్రింట్ చేయమంటే సరిగ్గా అదే క్రమంలో వస్తాయి. అయితే ఏమీ చెప్పకపోతే ఆక్ ఖాళీలను, ట్యాబ్‌లను ఒకే తీరుగా విభజన గుర్తులుగా తీసుకుంటుంది. ‘లక్ష్మీ నరసమ్మ’ అనే పేరు రెండు ఫీల్డులుగా విడిపోయి, తేదీ రావలసిన చోట ‘నరసమ్మ’ వచ్చి కూర్చుంటుంది. అందుచేత చదివేటప్పటి విభజన గుర్తు ట్యాబ్ అని ముందుగా చెప్పాలి. రాసేటప్పటి గుర్తును కూడా ట్యాబ్‌గానే విడిగా నిర్ణయించకపోతే, ఫలితంలో ఫీల్డుల మధ్య ఒట్టి ఖాళీ మిగిలి, పట్టికను మళ్లీ విడదీయడం కష్టమవుతుంది.

ఇక తేదీ. 05-11-1998 అనే రూపాన్ని ఆక్‌లోని స్ప్లిట్ ఫంక్షన్‌తో మూడు ముక్కలు చేసి 1998-11-05గా కూర్చితే, సార్ట్ కమాండు మామూలు అక్షర క్రమంలోనే కాలక్రమాన్ని ఇచ్చేస్తుంది.

ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్లించకూడదు, ఎందుకంటే ఆక్ చదవడం మొదలుపెట్టకముందే షెల్ (మన కమాండులను అందుకుని నడిపించే ప్రోగ్రాము) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. కొత్త పేరుతో దాచి, రెండు ఫైళ్లలోనూ పంక్తుల లెక్క సరిపోయిందని చూసుకున్నాకే పాతదాన్ని పక్కన పెట్టాను.