డబ్బు ఎగ్గొట్టిన ప్రతివాడి మీదా చీటింగ్ కేసు నిలబడదు

గుంటూరులో సివిల్ కేసులు చూసే ఆఫీసులో జూనియర్ లాయర్‌ని. మిర్చి సీజన్ అయిపోయిన కొన్నాళ్లకి మా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది కూర్చోకముందే అనే మాట ఒకటే: "వాడి మీద ఫోర్ ట్వంటీ పెట్టించండి సార్, లోపలేస్తే డబ్బులు అవే వస్తాయి." కొత్త కేసులకి అసలు ఫోర్ ట్వంటీయే లేదిప్పుడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం అందులో 318వ సెక్షన్. మోసగించి డబ్బో సరుకో రాబడితే అదే సెక్షన్‌లో నాలుగో క్లాజు, ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. నంబర్ మారింది గానీ లోపల ఉన్నది దాదాపు పాతదే.

ఆ పాతది ఎంత పాతదంటే, సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి 1860 నాటి నీలిమందు సాగు రోజులది, కొత్త చట్టంలోనూ దాన్ని తీసెయ్యలేదు. ఒకడు నీలిమందు మొక్క ఇస్తానని నమ్మించి ముందే డబ్బు తీసుకున్నాడు, ఇచ్చే ఉద్దేశం మాత్రం అప్పటికే లేదు, అది మోసం. అదే డబ్బు తీసుకునే రోజున ఇద్దామనే ఉండి తర్వాత మాట తప్పితే మోసం కాదు, ఒప్పందం ఉల్లంఘించాడంతే, సివిల్ దావా వేసుకోవాలి. నీలిమందు తీసేసి అక్కడ తేజ మిర్చి పెట్టుకుని చదవండి, మిర్చి యార్డు చుట్టూ జరిగే గొడవల్లో చాలావాటికి సమాధానం అక్కడే దొరుకుతుంది.

2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మాట ఇచ్చి పని చేయించుకున్న ఆ సమయానికి మనసులో ఏముందో చూడాలి, తర్వాత ఇవ్వలేకపోయాడు కాబట్టి మొదట్నుంచీ దురుద్దేశమే అని అనేసుకోకూడదు.

మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది సార్ అంటారు. చుట్టూ ఉన్నవి చూస్తేనే తెలుస్తుంది. నాలుగు సీజన్లు సరుకు ఎత్తి సక్రమంగా డబ్బు కట్టిన వ్యాపారి, ఈసారి రేటు పడిపోయి కోల్డ్ స్టోరేజీలో సరుకు ఇరుక్కుపోయి చేతులెత్తేశాడనుకోండి, అతన్ని ఎంత తిట్టుకున్నా మోసగాడని రుజువు చేయడం కష్టం. ఇంకొకడు కొత్తగా వచ్చి, ఒకే వారంలో పదిమంది దగ్గర అరువుకి ఎత్తి, కొన్న రేటుకన్నా తక్కువకి మర్నాడే అమ్మేసి, అప్పటికే మూసేసిన అకౌంటు మీద చెక్కులిచ్చి, ఫోన్ ఆపేశాడు. వీడి సంగతి వేరు. ఇద్దరూ మీకు బాకీయే. కేసు మాత్రం ఒకటి కాదు.

సివిల్ దావా అనగానే మొహాలు వాడిపోతాయి, అది నాకూ అర్థమవుతుంది, ఏళ్లు పడుతుంది. కానీ "స్టాంపు పేపరు మీద రాసుకోలేదు కదా" అని వదిలేయడం దేనికి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ అడిగేది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, మైనర్లు కాని, మతి స్థిమితం ఉన్న మనుషులు, ప్రతిఫలం, చట్టం ఒప్పుకునే పని. ఏదైనా చట్టం రాతకోతలు తప్పనిసరి చేసిన చోట తప్ప నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. కాటా చీటీ, కమిషన్ కొట్టు బిల్లు, "వచ్చే వారం వేస్తా బాబాయ్" అన్న వాట్సాప్ మెసేజ్, ఇవన్నీ దాచుకుంటే పనికొస్తాయి.

ఆ స్వేచ్ఛగా అన్న మాటని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. స్టేషన్లో పంచాయితీ పెట్టించి, కేసు పెట్టి లోపలేయిస్తామని బెదిరించి ప్రోనోటు రాయించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. రేపు కోర్టులో అవతలివాడు బలవంతంగా రాయించుకున్నారని అడ్డం తిరుగుతాడు, బలవంతం రుజువైతే ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు వాడిదే. మద్రాసు హైకోర్టు చిక్కం అమ్మిరాజు కేసులో, చచ్చిపోతానని భార్యనీ కొడుకునీ బెదిరించి భర్త రాయించిన హక్కు విడుదల పత్రాన్ని కూడా బలవంతం కిందే లెక్కేసింది. పేర్లు చూశారుగా, మన తెలుగు ఇంటి గొడవే.

ఇంకో చిక్కు. తీర్చే ఉద్దేశం లేకుండా ఇచ్చిన మాటని కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కూడా మోసమనే అంటుంది. అంటే నిజంగా మోసం జరిగిన చోట సివిల్, క్రిమినల్ రెండు దారులూ తెరిచే ఉంటాయి, ఒకటి ఎంచుకుంటే రెండోది పోదు. సివిల్ తగాదాలకి క్రిమినల్ రంగు పూస్తున్నారని 2006లో ఇండియన్ ఆయిల్ కేసులో విసుక్కున్న సుప్రీంకోర్టే, నేరం కనబడుతుంటే సివిల్ దారి ఉందన్న సాకుతో క్రిమినల్ కేసు కొట్టేయకూడదనీ చెప్పింది.

నాకు భయమేసేది గడువు విషయంలో. అడిగిన వెంటనే ఇస్తానని రాసిన ప్రోనోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్లే. ఆలోపు ఎంతో కొంత కట్టించుకుని వాళ్ల చేత్తోనే చెల్లు రాయించుకుంటే మళ్లీ అక్కడి నుంచి మూడేళ్లు. స్టేషన్ చుట్టూ తిరుగుతున్నంత కాలం ఆ లెక్క ఆగదు, "ఎస్సై గారు చూస్తామన్నారు" అంటూ గడువు దాటాక వచ్చేవాళ్లకి చెప్పడానికి మా దగ్గర పెద్దగా ఏమీ ఉండదు.

ఇక ఐపీ. వాడు ఐపీ పెట్టాడనగానే డబ్బు మునిగిందని నీళ్లొదిలేసుకుంటారు. 1920 నాటి దివాలా చట్టం కింద వేసే పిటిషన్ అది, కోర్టు నోటీసు వస్తే వెళ్లి అభ్యంతరం చెప్పొచ్చు. పిటిషన్‌కి ముందు రెండేళ్లలో పెళ్లాం పేరనో బావమరిది పేరనో ఊరికే రాసేసిన ఆస్తి ఉంటే, దివాలా తీర్పు వచ్చాక ఆ బదిలీని రద్దు చేయించే వీలుంది. అందుకని ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయించి తేదీలు చూడండి. ఆస్తులన్నీ మీ సరుకు ఎత్తడానికి నెల ముందే చేతులు మారిపోయుంటే, అప్పుడు 318 గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.